గోలెం ఉన్న జాగ

మా కారు మంచిదే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. సిద్దిపేటలో నన్నెరిగినవాళ్లు ఎదురుపడితే మొదట అడిగేది దాని గురించే. కరెంటు కారు ఎట్లా నడుస్తోంది, బ్యాటరీ ఎన్నేళ్లొస్తుంది, వానలో షాకు కొట్టదా అని. అన్నిటికీ ఓపికగా జవాబు చెబుతాను. దాన్ని పెట్టుకోవడానికి జాగ ఎట్లా దొరికిందని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చెప్పడానికి నాకు నోరు రాదు. ఆ జాగ కోసం నేను చేసిన పనికి మా అన్న నాకు కాకుండా పోయాడు.

నాది స్టీలు సామాన్ల దుకాణం. ఇంటి నుంచి కిలోమీటరున్నర. పొద్దున పోవడం, మధ్యాహ్నం తిండికి రావడం, మళ్లీ పోవడం, అంతా స్కూటరు మీదే. ముప్పై ఏళ్లు బిందెలూ గంజులూ ఎత్తి దించిన నడుము ఒకరోజు పట్టేసింది. దవాఖానలో ఫొటోలు తీసి, వెన్నుపూసల నడుమ నరం నలుగుతోందన్నారు. ఎడమకాలు తొడ నుంచి మడమ దాకా తిమ్మిరెక్కేది. స్కూటరు మానకపోతే మంచంలో పడతావని డాక్టరు చెప్పాడు. ఆటోల్లో తిరుగుదామంది నా భార్య. దుకాణం తెరవడానికి పూటపూటా రోడ్డు మీద నిలబడి ఆటోకు చెయ్యెత్తడం నావల్ల కాదన్నాను. నాకు కోపం తొందర, పౌరుషం ఇంకా తొందర.

అట్లా కారు మాట వచ్చింది. రోజుకు ఐదారు కిలోమీటర్లు తిరిగేవాడికి పెట్రోలు కారు దండగ. పైగా గేరు మార్చినప్పుడల్లా ఎడమకాలితో క్లచ్ తొక్కాలి. కరెంటు కారుకు గేర్లు లేవు, క్లచ్ లేదు, ఎడమకాలు ఊరికే ఉంటుంది. ఈ సంగతి తెలిసిన రోజున నాకోసమే ఎవరో కూర్చుని తయారుచేశారనిపించింది. అందులోనూ చిన్నది, ధరలో అందుబాటులో ఉన్నది, మన గల్లీల్లో తిరిగేది చూడాలనుకున్నాను.

చూడటం మొదలుపెడితే ఎనిమిది నెలలు పట్టింది. ఫోనులో వీడియోలు చూశాను. కొన్నవాళ్లను పట్టుకుని విసిగించాను. కుకునూరుపల్లిలో ఒకాయన కొన్నాడని తెలిసి, బస్సెక్కి పోయి ఆయన కారు చుట్టూ మూడుసార్లు తిరిగొచ్చాను. బ్యాటరీకి గ్యారంటీ ఎన్నేళ్లు, ఎండాకాలం ఏసీ వేస్తే ఎంత దూరం తగ్గుతుంది, ఎత్తు ఎంత, సీటు నడుముకు ఎట్లా ఆనుతుంది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. నా భార్య అది చూసి, “నన్ను చూడొచ్చినప్పుడు పావుగంటల ఒప్పుకున్నరు. దీనికేమో ఎనిమిది నెలలా” అని ఎగతాళి చేసేది.

చివరికి ఒకటి నచ్చింది. షోరూమువాళ్లు నడిపి చూడమని ఇస్తే, నా భార్యను ఎక్కించుకుని చంద్లాపూర్ దాకా పోయాను. అది ఆమె పుట్టింటి ఊరు. రంగనాయక సాగర్ కట్ట పక్కన ఎత్తు ఎక్కేటప్పుడు కూడా బండి మూలగలేదు. మేకలు తోలుకుపోతున్న ఒకాయన మేము వెనకాలే ఉన్నామని తెలుసుకోనే లేదు, నేను హారన్ కొడితే ఉలిక్కిపడి తిట్టాడు. తిరిగొచ్చాక దిగి నిలబడితే కాలికి తిమ్మిరి లేదు. ఇంక వేరేది చూసేది లేదని అక్కడే అనుకున్నాను. పేరు రాయించుకోబోతే షోరూము మనిషి ఒక మాట అడిగాడు, ఇంట్లో చార్జింగుకు జాగ ఉందా అని. ఉందని చెప్పాను. ఆ జాగ నాది కాదని నాకు తెలుసు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. బాపు పోయాక, నేనూ అన్నా ఇల్లు పంచుకున్నాం. పెద్దమనుషులు కూర్చుని, బాపు దుకాణం నాకూ, ముందరి మూడు గదులూ వాకిలీ అన్నకూ ఇచ్చారు. వెనక రెండు గదులూ, బోరూ నా పాలు. నా ఇంటికి పోవడానికి అన్న గోడ పక్కన మూడడుగుల సందు. స్కూటరు పడుతుంది, అంతకంటే ఏదీ పట్టదు. పంపకంలో తగువు లేదు, మాటామాటా రాలేదు. కాగితం రాసేటప్పుడు కూడా అన్న, తమ్ముడే గద, కాగితమెందుకని అన్నాడు. రేపు పిల్లలకు పేచీ రావద్దని రాయించింది నేనే.

అన్న టైలరు. పదిహేనేళ్లప్పుడే బాపుతో దుకాణంలో కూర్చోనని చెప్పి కుట్టుపని నేర్చుకున్నాడు. సిద్దిపేటలో సగం మంది పెళ్లికొడుకుల ప్యాంట్లు ఆయన కుట్టినవే అని మా వదినె గొప్పగా చెప్పుకునేది. మెడలో టేపు తీసేసి ఉన్నప్పుడు ఆయన్ను చూసిన గుర్తు నాకు లేదు. వాళ్లకు ఒక్కతే బిడ్డ, పెళ్లయి కరీంనగర్‌లో ఉంటుంది. మేము పంచుకున్నది ఇల్లే. కూరలు అటూ ఇటూ పోయేవి, నా బోరు నీళ్లు రెండిళ్లకూ పారేవి, పొద్దున పత్రిక మొదట అన్న చదివి నాకు పంపేవాడు.

షోరూమువాళ్లు పంపిన ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. నా సందు చూసి నవ్వాడు. కారు నిలిస్తే ముందరి వాకిట్లో నిలవాలి. చార్జింగు ప్లగ్గు ఆ వాకిలి గోడకే పెట్టాలి, నా మీటరు నుంచి అక్కడిదాకా తీగ లాగి, ఎర్తింగు వేరుగా దింపాలి. కారుతో ఇచ్చే తీగ పొట్టిది, దాన్ని పొడిగించకూడదట. పెట్రోలు కారైతే గల్లీ మొదట్లో ఏ గోడ పక్కనో పెట్టి రావచ్చు. దీన్ని ఇంటికి కట్టుకోవాలి. “వాకిలి ఎవరిది సార్?” అని అడిగాడు. మా అన్నది అన్నాను. అయితే ఫికరు లేదన్నాడు ఆ అబ్బాయి.

వాకిలికి మధ్యలో కొంచెం పక్కగా ఒక సిమెంటు గోలెం ఉండేది. బాపు కట్టించింది. బయటి నుంచి ఎవరొచ్చినా అందులోంచి చెంబుతో నీళ్లు ముంచుకుని కాళ్లు కడుక్కునే లోపలికి రావాలి. బాపు పోయాక అన్న దాన్ని తన చేతులతో కడిగేవాడు, ఎండాకాలం పిట్టల కోసం నిండా ఉంచేవాడు. సాయంత్రాలు దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కారు మలుపుకోవాలంటే ఆ గోలెం అడ్డం. దాన్ని తీయమని నేనెట్లా అడగాలి?

నా భార్య సూటిగా చెప్పింది. “నడుమ పది అడుగులు లేదు. పోయి మీరే అడుగుండ్రి. బావ కాదనడు.” నేను వినలేదు. పాళ్లు పంచుకున్నాక జాగ మాట అన్నదమ్ములు ముఖాముఖి మాట్లాడుకోకూడదని మాలో ఒక పట్టింపు. దానికి పెద్దమనుషులుంటారు. అవునన్నా కాదన్నా ఆ మాట వాళ్ల మీదుగా పోతుంది, అన్నదమ్ములకు ముఖం చెడదు. మా మేనమామలు అట్లాగే చేశారు, మా బాపూ అట్లాగే చేశాడు. అది మర్యాద అనే నేను నమ్మాను. నమ్మానని ఇప్పుడు చెప్పుకుంటున్నాను గానీ, అందులో సగం భయం. అన్న ఎదురుగా కాదంటే ఏం చేయాలో నాకు తెలియదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అన్న నన్ను వాకిట్లో ఆపాడు. “కారు చూస్తున్నవట గద. ఎంత పొడుగుంటది?” అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. విషయం ఎంతవరకు వచ్చిందో ఆరా తీస్తున్నాడనుకున్నాను. ఇంకా ఏమీ అనుకోలేదని పొడిగా చెప్పి సందులోకి పోయాను. అన్న ఇంకేదో అనబోయి ఆగినట్టు గుర్తు. వెనక్కి తిరిగి చూడలేదు కాబట్టి గట్టిగా చెప్పలేను.

రెండు రోజులకు, దుకాణానికి పోతూ చూస్తే అన్న వాకిలి కొలుస్తున్నాడు. మెడలోని టేపు తీసి గేటు నుంచి గడప దాకా పట్టి, సుద్దతో గీతలు పెడుతున్నాడు. నన్ను చూసి టేపు చుట్టేశాడు. అంతకు కొన్నాళ్ల ముందే ఆయన దుకాణానికి కిరాయి పెంచారని, మిషన్లు ఇంటికే తెచ్చుకుందామా అని ఆలోచిస్తున్నాడని విన్నాను. రెండూ కలిపి చూసుకున్నాను. వాకిట్లో కుట్టు దుకాణానికి షట్టరు గది వేస్తాడు, అందుకే కొలతలు. మరో నాలుగు రోజులకు మధ్యాహ్నం తిండికి వచ్చేసరికి గోలెం లేదు. పలగొట్టించాడు. సిమెంటు పెళ్లలు గోడ పక్కన కుప్పగా ఉన్నాయి, గోలెం ఉన్న చోట నేల గుండ్రంగా తడిగా ఉంది.

నాకు ఎంత కోపం వచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. బాపు గోలెం. దాన్ని ముట్టుకోవాలంటే నేను నెలల తరబడి నలిగిపోతుంటే, ఈయన షట్టరు కోసం ఒక్క పూటలో పలగొట్టించాడనుకున్నాను. అన్నం ముందు కూర్చుని నా భార్య మీద అరిచాను. ఒకసారి అడగరాదా అని ఆమె మళ్లీ అంది. అడిగేదేముంది, కళ్లకు కనబడుతుంటే, అన్నాను. తిండి సగంలో వదిలి లేచి పోయి పెద్దమనుషులను కలిశాను. షట్టరు పునాది పడకముందే నా జాగ కాగితం మీదికి రావాలి. నాకు ఆ క్షణంలో ఇంకేమీ కనబడలేదు.

ఇద్దరొచ్చారు, ఆదివారం పొద్దున. ఒకాయన మా పంపకాలప్పుడు కూర్చున్న విత్తనాల షాపాయన. ఇంకొకాయన రిటైరైన సారు. రాత బాగుంటుందని ఇట్లాంటి కాగితాలన్నీ ఆయన చేతే రాయిస్తారు. అన్న బనీను మీద ఉన్నాడు. వాళ్లను చూసి లోపలికి పోయి చొక్కా తొడుక్కుని వచ్చి, తానే కుర్చీలు వేశాడు. చాయ్ పెట్టమని వదినెకు చెప్పాడు. నేను ఒక పక్కన నిలబడ్డాను. వాళ్లు వానల గురించి, రేట్ల గురించి కాసేపు మాట్లాడాక, షాపాయన అసలు మాటకొచ్చాడు. తమ్ముడు కారు కొనుక్కుంటున్నాడు, వాకిట్లో నిలుపుకోవడానికీ గోడకు ప్లగ్గు పెట్టుకోవడానికీ నీ ఒప్పుదల కావాలంటున్నాడు అని.

అన్న నావైపు చూశాడు. కోపంగా చూడలేదు. చేతిలో ఉన్న బట్టకు ఎక్కడ చిరిగిందో వెతుకుతున్నట్టు చూశాడు. నేను తల దించుకున్నాను. “గింతేనా?” అన్నాడు. ఇంతే అన్నాడు షాపాయన. సరే రాసుకోండి అన్నాడు అన్న.

సారు రాయడం మొదలుపెట్టాడు. షరతులన్నీ నేను ముందే ఆలోచించి పెట్టుకున్నవి, వరసగా చెప్పాను. వాకిట్లో ఏ కట్టడమూ కట్టకూడదు. ప్లగ్గునూ తీగనూ ఎవరూ తీయకూడదు. ఇది మా తర్వాత వారసులకు కూడా వర్తిస్తుంది. కరీంనగర్ అల్లుణ్ణి మనసులో పెట్టుకుని చెప్పిన మాట అది. ఇంత తీసుకుంటున్నప్పుడు ఏదో ఒకటి ఇచ్చినట్టు కూడా ఉండాలి కదా అని, బదులుగా నా బోరు నీళ్లు అన్న వాళ్లు వాడుకోవచ్చని రాయించాను. ఆ నీళ్లు వాళ్లు మొదటి నుంచీ వాడుకుంటున్నవే. అడిగింది లేదు, ఇచ్చింది లేదు. అప్పుడే చాయ్ తెస్తున్న వదినె ఆ మాట విని గడపలోనే ఆగిపోయింది.

కప్పుల పళ్లెం స్టూలు మీద పెట్టి, ఆమె నాతోనే మాట్లాడింది. “గోలెం మీ అన్న నీ కారు కొరకే పలగొట్టిచ్చిండు తమ్మీ. టేపు పెట్టి కొలిచి, అదుంటే కారు మలగదన్నడు. నువ్వే వచ్చి అడుగుతవని రోజు చూస్తుండు.”

“ఇగ ఊకో,” అన్నాడు అన్న ఆమెతో. తర్వాత సారు వైపు తిరిగి, “సంతకం ఏడ పెట్టాలె?” అని అడిగాడు.

అప్పుడు నేను చేయవలసిన పని ఒక్కటే. ఆ కాగితం సారు చేతిలోంచి లాక్కుని చింపెయ్యాలి. ఇన్నేళ్లలో నేను ఎన్నో తొందరపనులు చేశాను, కోపంలో తూకం రాళ్లు విసిరేశాను, మంచి గిరాకీని దుకాణంలోంచి పంపేశాను. ఆ ఒక్క తొందరపని చేయవలసిన పూట మాత్రం నిదానంగా నిలబడ్డాను. నేను పిలిస్తే వచ్చిన పెద్దమనుషులు. సగం పైగా రాసిన కాగితం. ఇప్పుడు వద్దంటే నేను పిచ్చివాడిననుకుంటారు. ఇద్దరు పెద్దమనుషుల ముందు పిచ్చివాణ్ణి కావడానికి సిగ్గుపడి, అన్న ముందు పరాయివాణ్ణయ్యాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, మొత్తం చదవకుండానే సంతకం పెట్టాడు. ఆయన కింద నేను పెట్టాను. చాయ్ అందరం తాగాం.

కారు వచ్చిన రోజు గల్లీ అంతా వచ్చి చూసింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. అన్న బయటికొచ్చి, నేనిచ్చిన మిఠాయి తీసుకుని, మంచిగ నడుపుకో అన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజుల్లో అంతా సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోవడానికి అక్కడ తగువేమీ లేదని నాకు మెల్లగా తెలిసింది. అన్న నాతో ఏనాడూ పేచీ పెట్టలేదు. కాగితంలో ఉన్నదాన్ని నాకంటే బాగా పాటించాడు. ఎవరైనా వాకిట్లో బండి పెడితే, ఇది మా తమ్ముని జాగ అని తీయించేవాడు. సాయంత్రం కుర్చీ వేసుకోవడం మానేశాడు, నేను వచ్చే వేళకు అడ్డమవుతుందని. వాళ్లింటికి నల్లా కనెక్షను పెట్టించుకున్నారు, నా బోరు పైపు మూత బిగించేశారు. పత్రిక మాత్రం రావడం ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. గమనించి అడిగితే, వాళ్లు వేయించుకోవడం మానేశారని నా భార్య చెప్పింది.

కారెక్కమని మూడుసార్లు పిలిచాను. చంద్లాపూర్ కట్ట చూసొద్దామంటే కుట్టుపని ఉందన్నాడు. కరీంనగర్ పోతుంటే బస్టాండు దాకా దింపుతానంటే, సంచి తేలికే, నడిచిపోతామన్నాడు. మూడోసారి అడిగినప్పుడు నవ్వి ఊరుకున్నాడు. నేను దుకాణం నుంచి ఇంటికి, ఇంటి నుంచి దుకాణానికి ఒక్కణ్ణే తిరుగుతున్నాను. కాలు నొప్పి నిజంగానే తగ్గింది.

మొన్న వానాకాలం అన్నకు కంటి ఆపరేషన్ అయింది. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాడని వదినె మా ఇంట్లో చెప్పిందట గానీ, ఆపరేషన్ ఆ రోజేనని మాకు తెలియదు. మధ్యాహ్నం తిండికి వచ్చి, కారు చార్జింగుకు పెట్టి, చెయ్యి కడుక్కుంటుంటే గేటు బయట గల్లీలో ఆటో ఆగిన చప్పుడు వినబడింది. సందులోంచి తొంగి చూస్తే, వదినె అన్న చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తోంది. ఒక కంటికి పచ్చబట్ట కట్టి ఉంది. రెండో కన్ను అంతకు ముందే మందగించింది. మామూలుగానైతే ఆటో గేటు దాటి గడప దాకా వస్తుంది. కారు ఉంది కాబట్టి గల్లీలోనే దిగారు. కారుకూ గోడకూ నడుమ ఒక్క మనిషి పట్టే సందు. వదినె చెయ్యి వదిలేసి ముందు నడిచింది. అన్న కారు మీద అరచెయ్యి ఆనించి, తడుముకుంటూ ఒక్కో అడుగే వేశాడు. చార్జింగు తీగ కాలికి తగిలితే ఆగాడు. తొక్కకుండా, పాదంతో వెతికి, దాటాడు.

నేను తడి చేతులతోనే ఉరికాను. భుజం పట్టుకోబోతే, పర్లేదన్నట్టు చెయ్యెత్తాడు.

“అన్నా, ఒక్క మాట చెప్తే నేను తీసుకపోకపోదునా,” అన్నాను.

అన్న గడప మీద నిలబడి, నేను ఎటు ఉన్నానో అటు ముఖం తిప్పాడు.

“కాగితంల గా మాట రాసుకోలే గద తమ్మీ,” అన్నాడు.

అందులో ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. కోపం ఉంటే కాళ్లు పట్టుకుని బతిమాలుకునేవాణ్ణి. రాసుకున్నదాంట్లో ఏముందో, ఏం లేదో నాకు గుర్తుచేసినట్టు మామూలుగా చెప్పి, చెప్పులు విడిచి, గోడ పట్టుకుని లోపలికి పోయాడు.